బెరడుకూ ఒక లెక్క ఉన్నది



సరుగుడు తోట కొట్టినా, జామాయిలు తోట కొట్టినా, సుబాబుల్ కొట్టినా చివరకు గట్టు మీద మిగిలేది ఒకటున్నది. దుంగలు లారీ ఎక్కిపోతవి. కొమ్మా రెమ్మా వంటచెరకు అవుతవి. ఆకు నేలమీదనే రాలి ఎరువవుతుంది. దుంగల తోలు తీసి పంపే చోట వొలిచిన బెరడు మాత్రం అక్కడే కుప్పపడి ఉంటుంది. దానికి ధర చెప్పేవారు లేరు, అడిగేవారు లేరు. కొన్నాళ్ళు తడుస్తుంది, కొన్నాళ్ళు ఎండుతుంది. మళ్ళీ దుక్కి దున్నే వేళకు అడ్డమవుతుంది. ఒకనాడు అగ్గిపుల్ల గీస్తాము. గంటలో బూడిద అవుతుంది.

అదే ఊళ్ళో, అదే పొలానికి కూతవేటు దూరంలో, రేకుల కొట్టం కింద పాడిగేదె నాలుక చాపి రొప్పుతూ ఉంటుంది. వైశాఖపు ఎండకు షెడ్డులో కోళ్ళు రాలిపోతవి. పైకప్పు వేడిని ఆపటానికి ఏదైనా సరుకు దొరుకుతుందా అని మనం పట్నం అంగళ్ళు తిరుగుతాము. వేడిని ఆపే సరుకు ఒకటి మన గట్టుమీదనే తగులబడుతున్నదన్న సంగతి మనకు తట్టదు. పెరటిచెట్టు మందుకు పనికిరాదని పెద్దలు ఊరికే అనలేదు.

ఆ బెరడు ఇంటికి, కొట్టానికి ఎంతవరకు ఉపయోగపడుతుంది, ఎక్కడ ఉపయోగపడదు, వాడదలచుకుంటే ఎట్లా వాడాలి అనే విషయాలు ఇప్పుడు ముచ్చటించుకుందాం.

ముందు బెరడు అంటే ఏమిటో చూద్దాం. పైకి ఒకటే తోలులా కనిపించినా దానిలో రెండు పొరలున్నవి. లోపలి పొర పచ్చిగా, తేమగా, ప్రాణంతో ఉంటుంది. ఆకులు వండిన ఆహారం వేళ్ళకు దిగేది ఈ పొరలోనుంచే. అందుకే చెట్టు చుట్టూరా ఒక ఉంగరంలాగా బెరడు చెక్కివేస్తే, కొద్దికాలానికి వేళ్ళకు తిండి లేక చెట్టు నిలువునా ఎండిపోతుంది. దాని పైనున్న రెండవ పొర చచ్చిన పొర. ఎండనూ, వాననూ, మంటనూ, పురుగునూ కాచుకునేది ఇదే. మనకు కావలసింది ముఖ్యంగా ఈ పైపొర.

ఈ చచ్చిన పొరలో ఉన్నదేమిటి? 1665లో ఇంగ్లండులో రాబర్టు హుక్ అనే శాస్త్రజ్ఞుడు కార్కు ముక్కను, అంటే సీసా బిరడాలకు వాడే చెట్టు బెరడును, పలుచగా కోసి సూక్ష్మదర్శినిలో చూశాడు. తేనెపట్టులో గదులున్నట్లు చిన్న చిన్న గదులు కనబడినవి. ఆ గదులకు ఆయన పెట్టిన ‘సెల్’ అనే పేరే ఈనాడు బళ్ళో పిల్లలు జీవకణానికి చదువుకుంటున్నారు. ఆ గదుల్లో ఉన్నది గాలి. కదలక మెదలక నిలిచిన గాలి వేడిని చాలా నెమ్మదిగా మాత్రమే పోనిస్తుంది. గొర్రెలకాపరి గొంగడి కప్పుకుంటే చలి ఆగటానికి కారణం కూడా ఇదే. గొంగడిలో వేడి పుట్టదు. ఉన్ని సందుల్లో చిక్కిన గాలి ఒంటి వేడిని బయటికి పోనివ్వదు. చెట్టుకు బెరడు అటువంటి గొంగడి. రాముడు అడవికి పోతూ నారచీరలు కట్టాడంటే, అవీ చెట్టు తోలుతో చేసిన బట్టలే గదా!

వేడిని ఆపటంలో ఏది ఎంత గట్టిదో ఒక కొలత చెబుతాను. కార్కు పలక ఒక అంగుళం మందాన ఉంటే ఎంత వేడిని ఆపుతుందో, అంత ఆపటానికి ఇటుక గోడ సుమారు పదిహేను అంగుళాలు ఉండాలి. ఇతర చెట్ల బెరడును ఎండబెట్టి వదులుగా నింపితే కార్కుకు కొంచెం తీసికట్టే గాని, ఒక అంగుళం బెరడు తొమ్మిది పది అంగుళాల ఇటుకకు దీటుగా నిలుస్తుంది. ఇనుప రేకు సంగతి చెప్పనక్కర లేదు. పైన ఎంత కాలితే కింద అంత కాలుతుంది.

ఈ సంగతి లోకానికి కొత్త కాదు. నార్వే దేశంలో పల్లెటూరి ఇళ్ళకు పూర్వకాలం నుంచీ గడ్డిమట్టి కప్పు వేసే అలవాటున్నది. ముందు చెక్కలు పరుస్తారు. వాటిపైన బర్చి అనే చెట్టు బెరడును పెంకులు పేర్చినట్లు ఒకదాని అంచు మీదికి ఒకటి వచ్చేట్టు పొరలు పొరలుగా వేస్తారు. దానిపైన వేళ్ళతో సహా కోసుకొచ్చిన పచ్చికగడ్డలను సుమారు అరడుగు మందాన పరుస్తారు. వాన నీటిని ఆపేది బెరడు. ఆ బెరడును గాలికి లేవకుండా అదిమి పట్టేదీ, ఎండకు పగలకుండా కాచేదీ మట్టి. బర్చి బెరడులో సహజంగా ఉండే మైనంవంటి పదార్థం వల్ల అది నీటిని పీల్చుకోదు, తొందరగా కుళ్ళదు. అటువంటి కప్పు ఒక తరం పాటు నిలుస్తుంది.

ఇది ఎక్కడో మంచుదేశపు ముచ్చట అనుకోనక్కరలేదు. మన కాశ్మీరంలో కూడా పూర్వం ఇదే పద్ధతి ఉండేది. బర్చి చెట్టు మరేదో కాదు, మన వాళ్ళు భూర్జవృక్షం అన్నదాని జాతే. భూర్జపత్రం మీద తాళపత్రాల మీదలాగానే గ్రంథాలు వ్రాసేవారు. ఆ పత్రాన్నే ఇంటి కప్పు చెక్కల మీద పొరలుగా పరచి పైన మట్టి వేసేవారు. వసంతకాలం వస్తే ఆ కప్పుల మీద పూలు పూసేవి. అయితే ఆ చెట్లు హిమాలయాలలో బాగా తరిగిపోయినవి. ఇప్పుడు వాటి బెరడు వొలవటం తగని పని.

రాయలసీమలో, తెలంగాణాలో మట్టి మిద్దె ఎరిగినవారికి ఈ కప్పు కట్టుబడి ఇట్టే అర్థమవుతుంది. దూలాలు, వాటి మీద వాసాలు, వాటి మీద చెక్కలో కంపో పరిచి, పైన చౌడుమన్ను తొక్కి వేస్తారు. ఎండాకాలం మధ్యాహ్నం మిద్దె కింద కూర్చున్నవాడికీ, రేకుల కింద కూర్చున్నవాడికీ తేడా ఎంతో మీరు ఎరిగినదే. మట్టి, దాని కింద గాలిని పట్టి ఉంచే మెత్తని పొర, ఈ రెండూ కలిసి పనిచేయటమే కిటుకు.

ఇక కార్కు విషయం. బెరడును ఇల్లు కట్టే సరుకుగా మార్చటంలో అందరికన్న ముందున్నది పోర్చుగల్ దేశం. ప్రపంచంలో పండే కార్కులో దాదాపు సగం ఆ దేశానిదే. అది ఓక్ జాతి చెట్టు. నాటిన పాతికేండ్లకు గాని మొదటి బెరడు తీయటానికి రాదు. తరువాత తొమ్మిదేండ్లకు ఒకసారి మాత్రమే తీయాలని అక్కడ చట్టమున్నది. ఎండాకాలంలో పనివారు గొడ్డలి అంచుతో పైపొరను మాత్రం చీల్చి, లోపలి పచ్చి పొరకు దెబ్బ తగలకుండా చెక్కలు చెక్కలుగా ఊడదీస్తారు. ఏ సంవత్సరం తీశారో గుర్తుండటానికి ఆ సంవత్సరపు చివరి అంకెను మాను మీద తెల్లరంగుతో వ్రాస్తారు. లోపలి పొర బతికి ఉన్నది గనుక మళ్ళీ కొత్త బెరడు వస్తుంది. అట్లా ఒక చెట్టు రెండువందల యేండ్ల దాకా బతికి బెరడునిస్తుంది.

ఇందులో మనం గమనించవలసినది మరొకటి ఉన్నది. సీసా బిరడాలకు పోయేది మూడవసారి, ఆ తరువాత తీసిన నున్నని మేలురకం బెరడు. వేడిని ఆపే పలకలకు వాడేది ఎక్కువగా కొమ్మలు నరికినప్పుడు వచ్చే గరుకు బెరడు. అంటే బిరడాకు పనికిరాదని పక్కన పెట్టినది. దానిని నూరి గింజలు చేసి, మూసిన ఇనుప పెట్టెలో నింపి, మూడువందల డిగ్రీలకు పైబడిన ఆవిరిని పంపిస్తారు. గింజలు ఉబ్బి, తమలో ఉన్న జిగురుతోనే ఒకదానికొకటి అంటుకొని నల్లని దిమ్మ తయారవుతుంది. బయటినుంచి చుక్క జిగురు పోయనక్కర లేదు. దిమ్మను పలకలుగా కోస్తారు. ఈ పద్ధతి 1890 దశకం మొదట్లో అమెరికాలో బయటపడింది. థర్మోకోలు రాకముందు శీతల గిడ్డంగుల గోడలకు, మంచుగదులకు ఈ కార్కు పలకలే అతికేవారు.

‘బాగానే ఉన్నదండీ, మా పొలంలో కార్కు చెట్టు లేదే!’ అని మీరు అడగవచ్చు. నిజమే. మన చెట్లు కార్కు చెట్లు కావు. నిలిచి ఉన్న వేపనో, తుమ్మనో, మద్దినో వొలిచి చూద్దామని ఎవరూ అనుకోకండి. ఈ ప్రసంగంలో మరేదీ గుర్తుండకపోయినా ఫరవాలేదు, ఈ ఒక్కమాట మరవవద్దు. బతికిన చెట్టును వొలవకూడదు. కొట్టిన చెట్టు బెరడును పారవేయకూడదు.

కార్కు కాని బెరడుతో కూడా పని జరిగిన చోట్లున్నవి. కాలిఫోర్నియాలో రెడ్‌వుడ్ అనే మహావృక్షాలున్నవి. ముసలి చెట్టుకు బెరడు ఒక అడుగు మందం దాకా ఉంటుంది. దుంగలు కోసే మిల్లుల దగ్గర ఈ బెరడు కొండలా పేరుకుపోయేది. 1930 దశకం నుంచి దానిని పీచులా చీల్చి, దుమ్ము దులిపి, బస్తాలకెత్తి అమ్మారు. ఇళ్ళ గోడల నడుమ, శీతల గిడ్డంగుల గోడల నడుమ ఆ పీచు కూరేవారు. అందులో జిగురూ లేదు, ఆవిరీ లేదు. చీల్చటం, ఆరబెట్టటం, కూరటం, అంతే. మన జామాయిలు బెరడు కూడా పీచుగా చీలే స్వభావం కలది గనుక ఈ పద్ధతి మనకు దగ్గరగా ఉన్నది.

ఆస్ట్రియాలో సాల్జ్‌బర్గు ప్రాంతంలోని ఒక కళాశాలలో 2010 తరువాతి సంవత్సరాలలో లార్చి అనే చెట్టు బెరడు ముక్కలను అదిమి పలకలు చేసి పరీక్షించారు. వేడిని ఆపటంలో అవి కార్కుకన్న కొంత తక్కువ. కాని ఆ పలకలకు ఇంకొక గుణం కనబడింది. కొంత బరువుగా ఉన్నందున, మధ్యాహ్నపు వేడి వాటిలోనుంచి లోపలికి చేరటానికి చాలాసేపు పడుతుంది. మనవంటి ఎండదేశానికి ఆ గుణం మేలైనది. రెండుగంటల ఎండ లోపలికి దిగేసరికి పొద్దు వాలుతుంది.

బెరడులో జిగురు పని చేసే పదార్థం కూడా ఉన్నది. తంగేడు బెరడు, తుమ్మ బెరడు వేసి తోళ్ళు ఊనటం మన దేశంలో తరతరాల వృత్తి. తోలును కుళ్ళకుండా కాపాడే ఆ వగరు పదార్థాన్ని టానిన్ అంటారు. నీలగిరి కొండలమీద ఒకప్పుడు ఆస్ట్రేలియా నుంచి తెచ్చి నాటిన వాటిల్ అనే తుమ్మజాతి చెట్లు ఈ టానిన్ కోసమే. అదే వాటిల్ బెరడు రసంతో దక్షిణాఫ్రికాలో 1970 దశకం నుంచి చెక్కపొడి పలకలు అతికే జిగురు తయారుచేస్తున్నారు. మన పూర్వులకూ ఇటువంటి తెలివి లేకపోలేదు. ఆరవ శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో గుడి గోడలకు పూసే వజ్రలేపాన్ని చెబుతూ పచ్చి వెలగకాయ, బూరుగుపూలు మొదలైనవాటితోపాటు ధన్వనమనే చెట్టు బెరడును కూడా నీళ్ళలో కాచమన్నాడు. ఇంటి కట్టుబడిలో బెరడుకు చోటు పాతదే.

ఇక మన గట్టు మీది కుప్ప దగ్గరికి వద్దాం. ఆ బెరడు మీద మొదటి హక్కు ఇంటికి కాదు, నేలకు. చెట్టు భూమినుంచి తీసుకున్న సున్నపుసారంలో చాలాభాగం బెరడులోనే ఉంటుంది. ముఖ్యంగా జామాయిలు విషయంలో ఇది నిజం. దుంగతో పాటు బెరడునంతా పొలం దాటిస్తే, పంట తరువాత పంటకు నేల బీదదవుతుంది. అట్లాగని కాల్చినా లాభం లేదు. కొంత బూడిద గాలికి పోతుంది, వానకు కొట్టుకుపోతుంది, నేలకు మెత్తదనం ఇచ్చే చివుకు మిగలదు. మరి నేలకు వేయాలా, కొట్టానికి వాడాలా? ఇక్కడే లెక్క కావాలి.

ఎకరానికి పాతిక టన్నుల పచ్చిదుంగ వచ్చిందనుకుందాం. బెరడు దుంగ తూకంలో పదోవంతు అనుకున్నా రెండున్నర టన్నుల పచ్చి బెరడు. ఎండితే దాదాపు సగమవుతుంది. అంటే పన్నెండు పదమూడు వందల కిలోలు. ఇప్పుడు కొట్టం లెక్క చూడండి. పది అడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడుగు ఉన్న కొట్టానికి రెండంగుళాల మందాన బెరడు పరిస్తే ముప్పై మూడు ఘనపుటడుగులు. వదులుగా నింపితే ఘనపుటడుగుకు మూడు నాలుగు కిలోలు పడుతుంది. మొత్తం నూరు నుంచి నూట ముప్పై కిలోలు. ఎకరం తోట బెరడులో పదోవంతుతో ఒక కొట్టం చల్లబడుతుంది. తక్కిన తొమ్మిది వంతులూ పొలంలోనే పరచవచ్చును. నేలకూ ఇంటికీ పోటీ లేదు. ఆ రెంటికీ పోటీ నిప్పుతోనే.

కొట్టానికి వాడే ఆ పదోవంతును ఎట్లా సిద్ధం చేయాలో వరుసగా చెబుతాను.

బెరడును చెట్టు కొట్టిన వెంటనే, పచ్చిగా ఉన్నప్పుడే వొలవాలి. అప్పుడైతే పొడుగాటి పట్టీలుగా సులువుగా వస్తుంది. ఎండిపోయినాక కత్తికి కూడా లొంగదు. వొలిచిన దానిని కుప్ప పోయకండి. పచ్చి బెరడు పెద్ద కుప్పగా ఉంటే గడ్డివామి లోపల కాగినట్లు దానంతట అదే వేడెక్కుతుంది. పెద్ద పెద్ద బెరడు కుప్పలు అట్లా తమంతట తామే అంటుకున్న సందర్భాలున్నవి. పలుచగా పరచి, రోజుకొకసారి తిరగవేస్తూ ఎండబెట్టాలి. వంచితే పటుక్కున విరిగేదాకా ఎండాలి. తడి మిగిలితే బూజు తప్పదు. ఎండిన తరువాత కర్రలతో కొట్టి దులిపితే మట్టీ, పురుగూ రాలిపోతవి. పట్టీలు చీలి పీచవుతవి.

తరువాత మందునీరు పట్టించాలి. చెదకూ, పురుగుకూ, కొంతవరకు నిప్పుకూ విరుగుడుగా వెదుళ్ళకు వాడే మందే దీనికీ పనికివస్తుంది. కంసాలి వాడే వెలిగారం మూడు కిలోలు, క్యారమ్స్ బల్ల మీద చల్లే బోరిక్ పొడి రెండు కిలోలు, నీళ్ళు నూరు లీటర్లు. నీళ్ళు కాస్త వేడిచేస్తే తొందరగా కరుగుతవి. బెరడును విడతలు విడతలుగా ఒక రాత్రి నానవేసి, తీసి, నీడన మళ్ళీ బాగా ఆరబెట్టాలి. ఆ నీటిని పశువులు తాగకుండా, పిల్లలు ముట్టకుండా చూసుకోవాలి. మిగిలిన నీటిని చేలో పోయకండి. బోరాన్ ఎక్కువైతే పైరు మాడుతుంది. ఈ మందు వానకు కడుక్కుపోతుంది గనుక ఇది కప్పు కింద తడవని చోట వాడే బెరడుకే గాని, బయట గోడకు వేసే బెరడుకు కాదు.

ఇక అమరిక. రేకుకు ఆనించి బెరడు కట్టకూడదు. రేకుకు మూడు నాలుగంగుళాల కిందుగా ఒక వెదురు తడిక వాసాలకు కట్టండి. దానిమీద బెరడు పీచును రెండంగుళాల మందాన సమంగా పరచండి. పైన మరొక పలుచని తడికతో అదిమి, రెండు తడికలనూ కలిపి అక్కడక్కడ కుట్టండి. పరుపు కుట్టినట్లు ఉంటుంది. రేకుకూ పరుపుకూ నడుమ గాలి ఒకవైపునుంచి వచ్చి ఇంకొకవైపుకు పోవాలి. అక్కడ చేరిన వేడిగాలి చూరు దగ్గరనుంచి బయటపడుతుంది. కింది తడికకు అడుగున పేడా మట్టీ సున్నమూ కలిపి పావంగుళం పూత పూస్తే నిప్పురవ్వకు అడ్డుగా ఉంటుంది, పీచు రాలదు, ఎలుక తొలవదు. అయితే పూత బరువు మరవవద్దు. ఇంతకుముందు చెప్పిన కొట్టానికి పావంగుళం పూత ఒక్కటే రెండువందల కిలోల దాకా తూగుతుంది. బెరడూ, తడికా కలిపితే మూడువందల పైమాట. వాసాలు పాతవైతే ముందు వాటిని బాగుచేసుకోవాలి.

అడవి ప్రాంతాలవారు ఇటువంటి కట్టుబడికి ఇనుపతీగ వాడరు. అడ్డతీగ నార, నారేప చెట్టు నార వాడతారు. అవీ బెరడులే. ఆ నార దొరికినచోట అదే వాడుకోవచ్చును. మేకులు కొట్టవలసి వస్తే జింకుపూత వేసిన మేకులు వాడండి. మామూలు ఇనుము బెరడులోని టానిన్ తగిలితే, కరక్కాయ నీళ్ళలో ఇనుము పడితే సిరా అయినట్లు నల్లబడి తొందరగా తినివేయబడుతుంది.

జాగ్రత్తలు మరి నాలుగు ఉన్నవి. వంటసాలకు, పొగగొట్టం దగ్గరికి, దీపం వేలాడదీసేచోటికి బెరడు పనికిరాదు. మందు పట్టించినంత మాత్రాన బెరడు మండకపోదు, నెమ్మదిగా మండుతుంది. ఎలెక్ట్రికు తీగలు పరుపు లోపలినుంచి పోనివ్వకండి. పరుపు అంచులు మట్టిగోడకు ఆనకుండా బెత్తెడు ఎడం ఉంచండి. అప్పుడు చెద ఎక్కితే దాని మట్టిదారి కంటికి కనబడుతుంది, తుడిచివేయవచ్చును. రేకుకు చిల్లులుంటే ముందు అవి మూయండి. తడిసిన బెరడు వేడిని ఆపదు సరికదా, కుళ్ళి కంపు కొడుతుంది. ఇక బెరడు బరువు మోసే వస్తువు కాదు. దూలానికీ, గుంజకూ బదులు దానిని నమ్మకూడదు.

ఇవన్నీ చేసి ఎంత లాభం అంటారా? నా మాట మీద నమ్మవద్దు, మీ కొట్టంలోనే చూసుకోండి. మొదటి వేసవికి సగం కొట్టానికి మాత్రమే బెరడు పరుపు కట్టండి, సగం ఉత్త రేకుగానే ఉంచండి. నడుమ గోనెపట్టా వేలాడదీయండి. రెండు వైపులా పశువు వీపు ఎత్తున ఒక్కొక్క ఉష్ణమాపకం కట్టి, పదిరోజులు మధ్యాహ్నం రెండుగంటలకు ఇంట్లో చదువుకునే పిల్లల చేత అంకెలు వ్రాయించండి. గేదె ఏ వైపుకు పోయి పడుకుంటుందో అదీ చూడండి. దాని తీర్పు కూడా తక్కువది కాదు. రేకు పైన సున్నం వేయటం కూడా మంచిదే. సున్నం ఎండను పైనుంచే తిప్పికొడుతుంది, బెరడు దిగిన వేడిని అడ్డుతుంది. చలికాలంలో కోడిపిల్లల గదికి ఇదే పరుపు లోపలి వెచ్చదనాన్ని కాపాడుతుంది. అయితే గాలి వచ్చే కిటికీలు మాత్రం మూయవద్దు.

బెరడుతో గట్టి పలకలు చేసి అమ్ముకోవచ్చునా అని కొందరికి తోచవచ్చును. చేయవచ్చును గాని అది కొట్టంలో చేసే పని కాదు. బెరడును ఒకే సైజు ముక్కలుగా నూరే యంత్రం, ఆరబెట్టే యంత్రం, వేడిగా అదిమే ప్రెస్సు కావాలి. బెరడు పాలు పెరిగినకొద్దీ పలక బలం తగ్గుతుంది గనుక ఎంత కలపాలో, ఏ జిగురు వాడాలో పరీక్షలవల్ల తేలాలి. చెక్క విషయానికి దెహరాదూన్‌లో 1906లో స్థాపించిన అటవీ పరిశోధన సంస్థ ఉన్నది. ఇంటి సరుకుల పరీక్షకు రూర్కీలో కేంద్ర భవన పరిశోధన సంస్థ ఉన్నది. పదిమంది రైతులు సంఘంగా చేరి, ముందుగా నమూనా పలకకు పరీక్ష చేయించి, వేడిని ఎంత ఆపుతుందో, నిప్పుకు ఎంతసేపు నిలుస్తుందో కాగితం మీద అంకెలు చేతికి వచ్చాకనే డబ్బు పెట్టటం మంచిది. యంత్రం అమ్మేవారి మాటమీద అప్పు చేయవద్దు. కొనేవారు ఎవరో తెలియకుండా పలక తయారుచేస్తే, అదీ గట్టుమీది మరో కుప్ప అవుతుంది.

ఈసారి తోట కొట్టేముందు ఇంటిల్లిపాదీ కూర్చుని మూడు సంగతులు తేల్చుకోండి. బెరడు ఎవరు వొలుస్తారు, ఎక్కడ ఆరబెడతారు, ఎంత పొలానికి, ఎంత కొట్టానికి. కూలీలతో బేరమాడేటప్పుడే బెరడును పట్టీలుగా తీసి, పలుచగా పరచివెళ్ళమని చెప్పండి. తరువాత చెబితే ఆ పనికి వేరే కూలి అడుగుతారు. ఆడవారు తడిక అల్లటంలో, పరుపు కుట్టటంలో చేయితిరిగినవారు గనుక మందం ఎంత, కుట్టు ఎంత ఎడంలో వేయాలి అన్నది వారినే నిర్ణయించనివ్వండి.

ముఖ్యంగా అగ్గిపెట్టె మాత్రం గట్టుకు తీసుకుపోవద్దు. చెట్టు నాలుగైదేండ్లు ఎండకు ఓర్చి తన ఒంటికి కుట్టుకున్న గొంగడి అది. ఇక దానికి ఆ గొంగడితో పని లేదు. మన గేదెకు ఉన్నది, మన నేలకు ఉన్నది.